విమానం ఎక్కిన కోటు

"అమ్మాయ్, బుద్ధెరిగాక నువ్వెప్పుడైనా కోటు ముట్టుకున్నావా?"

గవర్నరుపేటలో నలభై ఏళ్ళుగా సూట్లు కుడుతున్న వెంకటసుబ్బారావు మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నాగవల్లిని అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆవిడ నిజమే చెప్పింది.

"లేదు మాస్టారూ."

"మీ ఆయన పెళ్ళిలో వేసుకోలేదా?"

"పంచె కట్టుకున్నారండీ. రిసెప్షన్ పెట్టలేదు."

"మరి ముట్టుకోని బట్టని విమానంలో ఢిల్లీకి నలక్కుండా పంపిస్తానని ఏ ధైర్యంతో ఒప్పుకున్నావు?"

"చీరలు పంపిస్తున్నాను కదండీ. సింగపూర్ దాకా వెళ్ళాయి నేను మడతపెట్టిన పట్టుచీరలు. ఒక్కటీ నలగలేదు."

"చీరకి ఎముకలుండవమ్మా," అన్నాడాయన. "కోటుకి ఉంటాయి."

ఏదో గొప్ప కోసం అన్న మాటనుకుంది నాగవల్లి. పాత పనివాళ్ళు కొత్తవాళ్ళతో ఇలాగే మాట్లాడతారని ఆవిడకు తెలుసు. నవ్వేసి, నేర్పమంది.

నాగవల్లికి నలభై మూడేళ్ళు. సత్యనారాయణపురంలో మేడమీద రెండు గదుల అద్దె వాటా. భర్త రాఘవ ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా. కూతురు సాయిశ్రీ డిగ్రీ రెండో సంవత్సరం. ముందు గదిలో రెండు ఇనుప డ్రమ్ముల మీద ఓ పాత తలుపు చెక్క, దాని మీద దుప్పటి, దుప్పటి మీద తెల్ల గుడ్డ. అదే ఆవిడ కార్ఖానా. ఆ బల్ల మీద చీరకు ముందే కుచ్చిళ్ళు పోసి, పైట మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులతో బిగించి, అట్టపెట్టెలో పట్టేంత చదరంగా మడిచి కవర్లో పెట్టి ఇస్తుంది. కట్టుకునే మనిషి కవరు విప్పి, నడుముకు చుట్టుకుని, పైట భుజాన వేసుకుంటే రెండు నిమిషాల్లో తయారు. దీన్ని బాక్స్ ఫోల్డింగ్ అంటారు. చీర కట్టుకోవడం రానివాళ్ళే వస్తారనుకుంటే పొరపాటు. ముప్పై ఏళ్ళుగా కడుతున్నవాళ్ళూ వస్తారు. వాళ్ళకు రానిది చీర కాదు, తీరిక.

కాలనీ సంక్షేమ సంఘంవాళ్ళు ఒక మహిళా దినోత్సవానికి నాగవల్లిని వేదిక ఎక్కించి, సాధికారత గురించి ముప్పావు గంట మాట్లాడి శాలువా కప్పారు. ఆవిడ ఆ శాలువాను ఇంటికి తెచ్చి, మందంగా ఉందని బల్ల మీద దుప్పటి కింద పరిచింది. పనిలో ఆనందం, ఆత్మతృప్తి లాంటి మాటలు ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఆవిడకు ఊరికే కూర్చోవడం రాదు. అంతే సంగతి.

ఆ చెయ్యి ఎక్కడ తిరిగిందో చెప్పాలి. నాగవల్లి పుట్టింది కూచిపూడికి మూడు కిలోమీటర్ల దూరంలో. తండ్రి బడిపంతులు. పద్నాలుగో ఏట నుంచి సెలవుల్లో కూచిపూడి వెళ్ళి నాట్యం పిల్లల ఆహార్యానికి ఇస్త్రీ చేసేది. రెండు కాళ్ళ మధ్య విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు ఉంటాయి చూడండి, వాటికి. గంటన్నర సేపు ఆ పిల్ల గెంతుతుంది, కూర్చుంటుంది, మోకాళ్ళ మీద తిరుగుతుంది. లేచి నిలబడగానే కుచ్చిళ్ళన్నీ కత్తుల్లా మళ్ళీ మూసుకోవాలి. మూసుకోకపోతే తప్పు నాట్యం చేసిన పిల్లది కాదు, ఇస్త్రీ చేసిన పిల్లది. మడత అంటే వేలు పెడితే కోసుకోవాలని నాగవల్లికి అక్కడ వంటబట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళ తరవాత కూడా మడతలో మంచిచెడ్డలు చూడ్డానికి ఆవిడకున్న కొలబద్ద అదొక్కటే.

పెళ్ళిళ్ళ నెలల్లో రోజుకు ఇరవై చీరలు వస్తాయి. మూఢం మొదలైతే ఒక్కటీ రాదు. శుక్రుడు సూర్యుడికి దగ్గరైతే విజయవాడలో ఒకావిడ ఇస్త్రీ పెట్టె ఎందుకు చల్లారాలో ఎవరూ చెప్పలేరు గాని, పాటించని ఇల్లు లేదు. గుండెకు ఆపరేషన్లు చేసే డాక్టరు కూడా పంచాంగం చూశాకే కల్యాణమండపానికి అడ్వాన్సు ఇస్తాడు. ఈ ఏడాది మూఢం వచ్చిన పదో రోజుకు నాగవల్లి ఇంట్లో కర్టెన్లు, దిండుగలేబులు, సాయిశ్రీ జీన్సు ప్యాంట్లు, పక్కవాటావాళ్ళ దుప్పట్లు అన్నీ ఇస్త్రీ అయిపోయాయి.

"వల్లీ, ఆ చేతిరుమాలు పొద్దుట్నించి మూడోసారి," అన్నాడు రాఘవ.

"ముక్కు తుడుచుకునేది కూడా ముడతల్తోనే తుడుచుకుంటారా?"

"నాన్నా, మీరక్కడ ఊరికే నిలబడకండి," అంది సాయిశ్రీ ఫోన్లోంచి తల ఎత్తకుండా. "మిమ్మల్ని కూడా మడిచి కవర్లో పెట్టేస్తుంది."

అలాంటి రోజున వచ్చాడు డేనియల్. గుణదలలో ఇల్లు, లబ్బీపేటలో ట్రావెల్స్ ఆఫీసు. అతని భార్య మార్త చీరలన్నీ నాగవల్లే మడుస్తుంది, ఆ పరిచయం.

"నాగవల్లి గారూ, మగవాళ్ళ సూట్లు చేస్తారా?"

"ఏం చెయ్యాలి?"

"ప్యాకింగ్. విమానంలో వెళ్ళాలి, దిగ్గానే తొడుక్కోవాలి, ముడత ఉండకూడదు."

సంగతి ఇది. డెల్టాలో రొయ్యల మేత అమ్మే డీలర్లను కంపెనీ ఏటా ఒకసారి విదేశం తీసుకెళ్తుంది. ఈసారి బ్యాంకాక్. దిగిన సాయంత్రమే విందు, వేదిక మీద జ్ఞాపికలు, సూటు తప్పనిసరి. ఏడాదంతా తెల్ల చొక్కాతో చెరువుగట్ల మీద తిరిగే మనుషులు వీళ్ళు. ఈ ఉక్కలో కోటు వేసుకునేవాడు పెళ్ళికొడుకైనా అయ్యుండాలి, ఫోటో స్టూడియోలో నిలబెట్టిన బొమ్మైనా అయ్యుండాలి. కొన్న సూటును సూట్‌కేసులో ఎలా పెట్టాలో తెలియక లుంగీతో పాటు నాలుగు మడతలు పెట్టి కుక్కుతారు.

"పోయినేడు తీస్తే పిండి ఆరేసినట్టున్నాయండీ," అన్నాడు డేనియల్. "హోటల్లో ఇస్త్రీకిస్తే రేపిస్తామన్నారు. స్టేజీ మీద ఒక్కొక్కరు పక్కమీంచి లేచొచ్చినట్టున్నారు. ఫోటోలు చూసి కంపెనీవాళ్ళు నన్ను తిట్టారు, టికెట్లు వేసిన పాపానికి. ఈసారి ముప్పై నాలుగు మంది. సూటుకి మూడొందల యాభై ఇస్తాను. కాకపోతే ముందు ఒకటి ట్రయలు. కైకలూరు డీలరు అచ్యుతరామారావు గారు వచ్చే గురువారం ఢిల్లీ మీటింగుకి వెళ్తున్నారు. పొద్దున గన్నవరంలో ఎక్కి హైదరాబాద్‌లో మారతారు, సాయంత్రం ఏడింటికి డిన్నరు. ఆయన కోటు ముడత లేకుండా దిగితే మిగతావన్నీ మీవే. దిగకపోతే నేను వేరే చూసుకోవాలి."

"ఈ కంపెనీవాళ్ళు మూఢంలో కూడా తిరుగుతారా?"

"కంపెనీలకి మూఢం ఏంటండీ?"

నాగవల్లి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఎరువుల కంపెనీలు, సిమెంటు కంపెనీలు, పెయింట్ల కంపెనీలు, అందరూ డీలర్లను తిప్పేవాళ్ళే, ఒక్కరూ పంచాంగం చూడరు. ఈ ఒక్క కోటు సరిగ్గా దిగితే బల్ల ఇక ఏ మూఢంలోనూ ఖాళీగా ఉండదు. ఒప్పుకున్నాక గాని కోటు ఎలా ఉంటుందో తనకు తెలియదన్న సంగతి గుర్తుకు రాలేదు. అచ్యుతరామారావు సూటు కుట్టింది వెంకటసుబ్బారావు మాస్టారే అని డేనియల్ చెప్పాడు. అందుకే మర్నాడు ఆయన షాపు మెట్లు ఎక్కింది.

మాస్టారు సణుగుతూనే నేర్పాడు. కోటు ఒక భుజాన్ని లోపలివైపు బయటికొచ్చేలా తిరగెయ్యాలి. రెండో భుజాన్ని అందులోకి, టోపీలో టోపీ పెట్టినట్టు దూర్చాలి. అప్పుడు లోపలి లైనింగు మొత్తం పైకొస్తుంది, పై గుడ్డ భద్రంగా లోపలుంటుంది. పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి, గుడ్డకూ గుడ్డకూ ఒరిపిడి లేకుండా జారడానికి. సూట్‌కేసులో ముందు ప్యాంటు పరిచి, కాళ్ళు బయటికి వేలాడదీసి, మధ్యలో కోటు పెట్టి, ప్యాంటు కాళ్ళు దాని మీదికి తెచ్చి కప్పాలి. వంగే చోటల్లా చుట్టిన బనియన్లు పెట్టాలి.

"బనియన్లెందుకండీ?"

"మడత గుండ్రంగా తిరగాలి, విరక్కూడదు."

"గుండ్రంగా ఉంటే అది మడతెలా అవుతుంది మాస్టారూ?"

ఆయన కత్తెర కింద పెట్టి ఆవిడ వంక చూశాడు. "నీకు చెప్పేది ఒకటే. ఇస్త్రీ నేను చేసి పంపిస్తాను. నువ్వు పెట్టె ముట్టుకోకు."

"అలాగేనండీ."

అయిదు రోజులు మిగిలాయి. పెళ్ళిబట్టలు అద్దెకిచ్చే షాపులో రోజుకు రెండొందలకు ఒక నల్ల కోటు తెచ్చుకుంది. మడిచింది, విప్పింది. మళ్ళీ మడిచింది. ఇంట్లో బల్ల మీద నలక్కుండా ఉండడం గొప్ప కాదనిపించింది. విమానం ఆవిడకు తెలియదు. తెలిసిన కుదుపు బస్సుది. శనివారం పొద్దున్నే కోటున్న సూట్‌కేసు పట్టుకుని పండిట్ నెహ్రూ బస్టాండులో మచిలీపట్నం బస్సెక్కింది. అక్కడ దిగి, బెంచీ మీద సూట్‌కేసు తెరిచి, కోటు విప్పి, రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టుకుంది.

పక్కన కూర్చున్న పెద్దావిడ కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఎవరిదమ్మా పెళ్ళి?"

"ఎవరిదీ కాదండీ. ముడత పడిందేమోనని చూస్తున్నా."

"అబ్బాయి చూసుకోడూ?"

"అబ్బాయెవరూ లేడండీ. కోటొక్కటే వచ్చింది."

పెద్దావిడ సంచీ ఇటువైపు నుంచి అటువైపుకు మార్చుకుంది. "మరి ఎక్కడికెళ్తోంది?"

"మళ్ళీ విజయవాడకే."

ఎడమ మోచేతి దగ్గర చిన్న ముడత కనిపించింది. చేతుల్లో కాగితం చుట్టలు పెట్టకపోవడం వల్ల. అక్కడే సర్ది తిరుగు బస్సెక్కింది. ఆదివారం ఏలూరు. సోమవారం మళ్ళీ మచిలీపట్నం. మంగళవారం ఎక్కడికీ వెళ్ళాల్సిన అవసరం లేదు, అయినా గుడివాడ వెళ్ళొచ్చింది. నాలుగు ప్రయాణాల తరవాత ఆ అద్దె కోటు మీద గీత లేదు. అద్దె కోటుది చవక గుడ్డ, లోపల అతికించిన అట్టముక్కలాంటి సరుకు, కాలరు ముందునుంచే పలకలా అణిగి ఉంది. దాని మీద నేర్చుకున్నది అంతవరకే పనికొస్తుందని చెప్పేవాళ్ళు ఏ బస్సులోనూ తగల్లేదు.

బుధవారం పొద్దున అచ్యుతరామారావు సూటు వచ్చింది. ముదురు నీలం. ఆ మనిషి పెద్ద శాల్తీ, కోటు గుమ్మానికి వేస్తే కర్టెన్‌లా ఉంది. మాస్టారు హ్యాంగరు మీదే ఇస్త్రీ చేసి పంపించాడు. నాగవల్లి మధ్యాహ్నం రెండింటికి పని మొదలుపెట్టి మూడింటికల్లా ముగించింది. భుజంలో భుజం, చేతుల్లో కాగితం చుట్టలు, వంపుల్లో బనియన్లు, పైన ప్యాంటు. పిన్ను ఒక్కటి కూడా వాడలేదు. విమానమెక్కే బట్టల్లో పిన్నులుంటే తనిఖీలో సంచీ అంతా విప్పించారని మార్త ఒకసారి చెప్పింది. సూట్‌కేసు మూసింది. డేనియల్ మనిషి వచ్చేది ఆరింటికి.

మూడు గంటలు. ఆ మూడు గంటలే కొంప ముంచాయి.

మూడున్నరకు మూత తెరిచి చూసింది, బానే ఉంది. నాలుగింటికి మళ్ళీ చూసింది. నాలుగున్నరకు కోటు మొత్తం బయటికి తీసి హ్యాంగరుకు వేసింది, చివరిసారి చూసుకుందామని. అప్పుడు కనిపించింది లోపం. ఛాతీ మీదికి వాలే కాలరు రెక్కలు రెండూ గుడ్డకు ఆనలేదు. మొదటి బొత్తాం పైనుంచి మెత్తగా, ఉబ్బుగా, అల వంగినట్టు వంగి ఉన్నాయి. వేలు పెట్టి నొక్కితే అణిగి, వేలు తీస్తే మళ్ళీ లేస్తున్నాయి. అద్దె కోటుకు ఇలా లేదు. మాస్టారు వయసైపోయి ఇక్కడ ఇస్త్రీ సరిగ్గా పట్టించలేదనుకుంది. మడత ఉండాల్సిన చోట మడత లేదు. ఇలా పంపిస్తే రేపు ఆ పెద్దమనిషి వేదిక మీద నిలబడ్డప్పుడు అందరూ చూసేది దీన్నే.

"అమ్మా, ఆయన పెట్టె ముట్టుకోవద్దన్నాడన్నావుగా," అంది సాయిశ్రీ.

"కోటంతా వద్దన్నారు. ఇది కొంచెమేగా."

తడి గుడ్డ వేసి, ఆవిరి పెట్టి, బరువంతా మోపి, రెండు రెక్కలనూ కుచ్చిళ్ళకు పట్టించినట్టు పట్టించింది. అంచు కత్తిలా తేలింది. వేలు ఆనించి చూసుకుంది. మళ్ళీ సర్ది మూసింది. ఆరింటికి సూట్‌కేసు వెళ్ళిపోయింది.

గురువారం ఆవిడ ఇంట్లో నిలవలేదు. విమానం ఎగిరే వేళకు మేడమీదికెక్కి గన్నవరం వైపు చూసింది, ఏమీ కనిపించలేదు. పదింటికి బీసెంట్ రోడ్డుకు వెళ్ళి అవసరం లేని దారపు ఉండలు కొంది. హైదరాబాద్‌లో విమానం మారే టైముకు బందరు కాలవ వంతెన మీద నిలబడి ఉంది. సామాను ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి ఎలా విసురుతారో సాయిశ్రీ ఫోన్లో చూపించిన దగ్గర్నుంచి అన్నం సహించలేదు. మధ్యాహ్నం డేనియల్‌కు రెండుసార్లు ఫోన్ చేసింది.

"నాగవల్లి గారూ, ఆయనింకా సామాను తీసుకోలేదండీ."

"తీసుకున్నాక తెరుస్తారా, హోటల్‌కెళ్ళాక తెరుస్తారా?"

"ఎయిర్‌పోర్టులో కోటు తొడుక్కోరు కదండీ."

రాఘవ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ వీధి చివర ఒకసారి, ఇంటి ముందు ఒకసారి ఎదురైంది. ఎనిమిది దాటాక ఫోటో వచ్చింది. అచ్యుతరామారావు వేదిక మీద జ్ఞాపిక పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోటు మీద ఒక్క ముడత లేదు. భుజాలు, వీపు, మోచేతులు అన్నీ శుభ్రం. పక్కనున్న ఇద్దరి కోట్ల మీద గీతలు గీతలు. ఫోటో వెనకే డేనియల్ ఫోన్.

"ముప్పై నాలుగూ మీవే."

నాగవల్లి ఆ రాత్రి నిద్రపోయింది. ఆ వారంలో అదొక్కటే.

శుక్రవారం పొద్దున షాపు షట్టరు లేవకముందే గవర్నరుపేట చేరి, మాస్టారి చేతికి ఫోను ఇచ్చింది. ఆయన రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"పెట్టె ముట్టుకున్నావు."

"కాలరు దగ్గరే మాస్టారూ. అక్కడ ఆనలేదండీ."

"ఆనకూడదు." ఆయన గొంతు పెంచలేదు. హ్యాంగరు మీదున్న ఒక సగం కుట్టిన కోటును లాగి, ఛాతీ దగ్గర గుడ్డ తిరగేసి చూపించాడు. లోపల గరుకు కాన్వాస్, దాని మీద వందల చిన్న కుట్లు, వరసల్లో. "ఇదంతా చేత్తో వేసింది. రెండు రోజుల పని. ఎందుకో తెలుసా? రెక్క బొత్తాం దగ్గర్నుంచి పైకి ఊపిరి పీల్చినట్టు లేవాలని. దాన్నే లాపెల్ అంటారు. దాన్ని నువ్వు అప్పడంలా ఒత్తేశావు. ఆయన వేసుకున్నది కోటు కాదు, కవరు."

నాగవల్లి ఆ కుట్ల మీద వేలు పెట్టింది. తీసేసింది.

"పోయినట్టేనా అండీ?"

"కోటు తెప్పించు. కుట్లు కొన్ని విప్పి, ఆవిరి పట్టి, మళ్ళీ చేత్తో తిప్పాలి. మూడు రోజులు పడుతుంది. పద్దెనిమిది వందలు."

"నేనే ఇస్తాను."

"ఆయనకేం చెప్తావు?"

అక్కడే అసలు చిక్కు. డేనియల్‌ను అడిగితే అతను కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "మీకేమైనా పిచ్చా అండీ? ఆయన సంతోషంగా ఉన్నారు. కంపెనీ సంతోషంగా ఉంది. కైకలూరులో లాపెల్ చూసేదెవరు? నోరు మూసుకుని ముప్పై నాలుగు సర్దండి." అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. లోకం చాలావరకు ఇలాగే నడుస్తోంది, నలక్కుండా.

నాగవల్లి చెప్పేసింది. ఆవిడ సత్యసంధత గురించి ఇక్కడ ఒక పేరా రాయడానికి అవకాశం ఉంది గాని అది అబద్ధమవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆవిడ ఆ ఫోటో తెరవడం, పెద్దది చేయడం, మూయడం. ఏ పనికీ చేతులు ఆనలేదు. ఒత్తిన ఆ రెండు రెక్కలూ కళ్ళ ముందు ఆడుతుంటే ఇంకో కోటు ముట్టుకోవడం ఆవిడ వల్ల కాదు. శనివారం ఉదయం కైకలూరుకు ఫోన్ చేసింది, ఇంకెవరూ ఆపకముందే.

"కోటు బెమ్మాండంగా వచ్చిందమ్మా," అన్నాడు అచ్యుతరామారావు. "ఒక్క ముడత లేదు. మా ఆవిడ కూడా మెచ్చుకుంది, ఆవిడెవర్నీ మెచ్చుకోదు."

"అది కాదండీ. కాలరు దగ్గర నేను పాడుచేశాను."

చెప్పింది, మాస్టారు చెప్పినట్టే. "ఉండు," అన్నాడాయన. ఫోటో తెరిచి చూసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"చెప్పకపోయినా బావుండేదమ్మా," అన్నాడు చివరికి. "నిన్నటిదాకా నాకిది కనపళ్ళేదు. ఇప్పుడిదొక్కటే కనపడుతోంది."

"బాగు చేయించి ఇస్తానండీ. ఖర్చు నాదే."

"చేయించు, చేయించు. అయినా నీ చెయ్యి ఊరుకోదా?"

"ఊరుకోదండీ."

ఆయన కోపిష్టి కాదు, కాని కడుపులో మాట దాచుకునే మనిషీ కాదు. డీలర్ల వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో పెద్దది చేసి, కాలరు చుట్టూ ఎర్ర గీత గీసి పెట్టాడు. జీవితంలో లాపెల్ అన్న మాట వినని ముప్పై మూడు మంది సాయంత్రానికల్లా దాని మీద అభిప్రాయాలున్న మనుషులైపోయారు. ఒకాయన పెళ్ళినాటి ఫోటో పెట్టి తనది ఆనిందా ఆనలేదా అని అడిగాడు. ఇంకొకాయన కోటు చేతి మీద వేసుకునే విమానమెక్కుతానన్నాడు. మరొకాయన ఇంటి దగ్గర్నుంచే వేసుకుని బయల్దేరతానన్నాడు. ఆ ఉక్కలో ఇక దక్కడన్నట్టు అతనికి వీడ్కోలు చెప్పే ఎమోజీలు వరసగా వచ్చాయి. ఆదివారానికి పంతొమ్మిది మంది ఎవరి సూటు వాళ్ళే చూసుకుంటామని తేల్చేశారు. మిగిలిన పదిహేను మందికి ఎవరి సూటు వాళ్ళు చూసుకోవడం రాదు, లేదా గ్రూపు చూసే అలవాటు లేదు.

"చెప్పొద్దన్నాను," అన్నాడు డేనియల్.

"పదిహేనున్నాయి కదండీ."

"ముప్పై నాలుగుండేవి."

కైకలూరు నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించిన కోటును నాగవల్లి తనే బస్టాండులో అందుకుని గవర్నరుపేట చేర్చింది. మూడు రోజులూ మాస్టారు ఒక్కొక్క కుట్టూ విప్పి, తొడ మీద గుడ్డ పరిచి, ఆవిరి పట్టి, అరచేత్తో రెక్కను తిప్పుతుంటే స్టూలు మీద కూర్చుని చూసింది. కూర్చుని అంటే, గంటకు నాలుగుసార్లు లేస్తూ. మూడో రోజు సాయంత్రం ఆయన ఆవిడ చేతిని పట్టుకుని రెక్క కింద పెట్టాడు. అది చేతి మీద ఆనీ ఆననట్టు ఆగింది.

"తెలిసిందా?"

"తెలిసిందండీ. నచ్చలేదు."

మాస్టారు మొదటిసారి నవ్వాడు. "నచ్చకపోయినా ఫరవాలేదు. ఒత్తకు."

పదిహేను సూట్లు వచ్చిన రోజు పొద్దున్నే నాగవల్లి ఇస్త్రీ పెట్టెకు తీగ చుట్టి, సంచీలో పెట్టి, రాఘవ చేతికి ఇచ్చింది.

"ఆఫీసుకు పట్టుకెళ్ళండి."

"ఆఫీసులో ఇస్త్రీ పెట్టెతో నేనేం చెయ్యను?"

"డ్రాయర్లో పెట్టి తాళం వెయ్యండి. రెండు రోజుల తరవాత తెండి. నేను ఫోన్ చేసి అడిగినా ఇవ్వొద్దు."

మొదటి రోజు రెండుసార్లు ఫోన్ చేసింది. రాఘవ ఇవ్వలేదు. పదిహేను సూట్లూ భుజంలో భుజం దూరి, బనియన్ల మీద గుండ్రంగా తిరిగి, సూట్‌కేసుల్లో చేరాయి. బ్యాంకాక్ నుంచి ఫోటోలు వచ్చాయి. పదిహేను మందికీ ముడతలు లేవు, కాలరు రెక్కలు లేవాల్సినట్టు లేచాయి. చేతి మీద వేసుకెళ్ళినవాళ్ళ కోట్లకు మోచేతి వంపు అచ్చు పడింది. మాస్టారు ఫోటోలన్నీ పెద్దవి చేసి చూసి, ఎవరి ప్యాంటు పొడుగెక్కువైందో మాత్రం చెప్పాడు.

ఆ మర్నాడు బల్ల ఖాళీ. మూఢం వెళ్ళడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. నాగవల్లి పొద్దున ఏడింటికే డేనియల్‌కు ఫోన్ చేసి సిమెంటు కంపెనీవాళ్ళు ఎప్పుడు వెళ్తారని అడిగింది. ఆగస్టులో అన్నాడు. పెయింట్లవాళ్ళో అంది. కనుక్కుంటానన్నాడు. ఫోన్ పెట్టేసి, సాయిశ్రీ ఆరేసుకున్న చున్నీ తీగ మీంచి లాగి బల్ల మీద పరిచింది.

పదిహేను సూట్లకు డేనియల్ అయిదు వేల రెండు వందల యాభై ఇచ్చేశాడు. అందులోంచి అద్దె కోటుకు, బస్సు చార్జీలకు, ప్లాస్టిక్ కవర్లకు, ఆ నెల కరెంటు బిల్లుకు పోయింది పోగా, వెంకటసుబ్బారావు మాస్టారికి ఇవ్వాల్సిన పద్దెనిమిది వందల్లో నాగవల్లి పన్నెండు వందలు ఇచ్చింది. ఆరు వందలు ఇంకా బాకీ ఉంది.